కూర్చునే చోటు: టీ గదులు, ఒంటరి ప్రయాణాలు, కొన్ని పుస్తకాలు

ఇంగ్లండు, స్కాట్లండు చూసి వచ్చినవాళ్ళు రాసే యాత్రా కథనాల్లో టీ గది తప్పకుండా ఉంటుంది. మూడంతస్తుల పళ్ళెం, అడుగున వేలెడంత దోసకాయ శాండ్‌విచ్‌లు, మధ్యలో వెచ్చటి స్కోన్‌లు, పైన బొమ్మల్లాంటి కేకులు. స్కోన్ మీద డెవన్ వాళ్ళలా ముందు మీగడ రాయాలా, కార్న్‌వాల్ వాళ్ళలా ముందు జామ్ రాయాలా అన్న సరదా తగువు. కిటికీ అవతల వాన. చదవడానికి హాయిగానే ఉంటాయి. నేనూ ఇష్టంగానే చదువుతాను. కానీ చదివిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పకుండా వదిలేశారనిపిస్తుంది. ఆ గదిలో ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, డబ్బు ఎవరిచ్చారు అన్న ప్రశ్నలు ఆ కథనాల్లో కనబడవు. స్త్రీలు రాసిన వాటిలో కూడా అరుదుగానే కనబడతాయి. ఆశ్చర్యమేమిటంటే, వందేళ్ళ క్రితం అదే లండన్‌లో కూర్చుని నవలలూ కథలూ రాసిన స్త్రీలు ఈ ప్రశ్నల్నే పట్టుకున్నారు. యాత్రికులు వదిలేసిన దాన్ని ఆ రచయిత్రులు ఎలా చూశారో పరిశీలించడమే ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్న పని.

మధ్యాహ్నపు టీ పుట్టుక గురించి అందరూ చెప్పే కథ బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మరియాది. 1840 ప్రాంతంలో, మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య ఎడం బాగా పెరిగిపోయి, సాయంత్రమయ్యేసరికి ఆవిడకి నీరసం వచ్చేదట. తన గదిలోకి టీ, రొట్టె, వెన్న తెప్పించుకోవడం మొదలుపెట్టిందట. తర్వాత స్నేహితురాళ్ళని పిలవడం, అది పెద్దింటి ఆచారంగా మారడం. ఇందులో నిజమెంత, అల్లిక ఎంత అన్నది అలా ఉంచుదాం. ఆ టీ కాచి మెట్లెక్కి తెచ్చిన పనిమనిషి ఈ కథలో ఎక్కడా లేదని మాత్రం గమనించాలి. ఇప్పుడు మన హోటళ్ళు గొప్పగా 'హై టీ' అని బోర్డులు పెడుతున్నాయి గానీ, అసలు హై టీ అన్నది కార్మికుల ఇళ్ళలో పని నుంచి వచ్చాక భోజనాల బల్ల దగ్గర తినే రాత్రి తిండి. పెద్దింటి టీకి కార్మికుల తిండి పేరు అతికించి, ఎక్కువ ధరకి అమ్ముతున్నారన్న మాట.

డచెస్ టీ ఇంట్లో జరిగే టీ. దాన్ని అర్థం చేసుకోవడానికి మనకి పేరంటం చాలు. పేరంటం స్త్రీల లోకమే, మగవాళ్ళు ఉండరు, మాటలుంటాయి, తిండి ఉంటుంది. అయితే అక్కడికి ఎవరూ ఒక మనిషిగా వెళ్ళరు. ఫలానా వారి కోడలుగా, ఫలానా ఆయన భార్యగా వెళ్తారు. భర్త పోయిన స్త్రీని పిలవరు. పిలిచినావిడ కూర్చోదు, ఇంటిల్లాలుగా నిలబడి చూసుకుంటూనే ఉంటుంది. ఇంగ్లీషు డ్రాయింగ్ రూములో ఇంటావిడ కూర్చునే టీ పోస్తుంది, నిజమే. కానీ ఎవర్ని పిలవాలి, ఎవర్ని పిలవకూడదు అన్న లెక్కలు అక్కడా అంత కఠినమైనవే.

కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ 1922లో రాసిన 'ఎ కప్ ఆఫ్ టీ' కథని మనలో చాలామంది చదువుకునే రోజుల్లో పాఠంగా చదివాం. రోజ్‌మేరీ ఫెల్ బాగా డబ్బున్న యువతి. దుకాణంలో ఇరవై ఎనిమిది గినీల విలువైన చిన్న ఎనామెల్ పెట్టెని చూసి ముచ్చటపడి బయటికొస్తుంది. వాన పడుతున్న చలి సాయంత్రం. ఒక పేద అమ్మాయి దగ్గరికొచ్చి, ఒక కప్పు టీకి డబ్బులిమ్మని అడుగుతుంది. రోజ్‌మేరీకి ఇదంతా రష్యన్ నవలలోలాగా సాహసంగా తోచి, ఆ అమ్మాయిని ఇంటికి తీసుకువెళ్తుంది. టీ ఇస్తుంది. భర్త వచ్చి, అమ్మాయి చాలా అందంగా ఉందంటాడు. అంతే, రోజ్‌మేరీ దయ ఆవిరైపోతుంది. చేతిలో మూడు నోట్లు పెట్టి పంపించేస్తుంది.

ఈ కథని సాధారణంగా ఆడవాళ్ళ అసూయ గురించిన కథగా పాఠం చెబుతారు. పాఠం చెప్పడం మొదలుపెట్టాక నాకు ఆ వ్యాఖ్యానం అరకొరగా కనిపించింది. ఆ అమ్మాయి అడిగినదేమిటో చూడండి. ఆమె టీ అడగలేదు. టీ ధర అడిగింది. ఆ నాలుగు డబ్బులూ ఇస్తే లండన్‌లో ఏదో ఒక టీ దుకాణంలోకి వెళ్ళి, తలుపు మూసుకుని, వెచ్చగా, ఎవరికీ కృతజ్ఞత చెప్పనక్కరలేకుండా ఒక అరగంట కూర్చోగలదు. రోజ్‌మేరీ ఆ స్వతంత్రాన్ని ఇవ్వలేదు. దాని బదులు తన ఇల్లు, తన కుర్చీ, తన దయ, తన భర్త చూపు ఇచ్చింది. కొనుక్కున్న టీకీ పెట్టిన టీకీ ఉన్న తేడా ఈ కథకి కేంద్రం. మాన్స్‌ఫీల్డ్ రాస్తున్న నాటికి లండన్‌లో పేద అమ్మాయి కూడా టీ ధర అడగగలిగిందంటే, ఆ ధరకి ఆమెను కూర్చోనిచ్చే చోటు ఉందని అర్థం. ఆ చోటు ఎలా వచ్చిందన్నది తర్వాత చూడాల్సిన విషయం.

ఎయిరేటెడ్ బ్రెడ్ కంపెనీ అనే రొట్టెల సంస్థ 1864లో లండన్‌లో తొలి టీ దుకాణం తెరిచింది. జనం ఏబీసీ అనేవారు. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, కొట్టు చూసుకునే ఒక మేనేజరమ్మ తెలిసిన కొనుగోలుదార్లకి టీ ఇస్తుండేది, దాన్నే వ్యాపారంగా పెడదామని యజమానులకి సలహా ఇచ్చింది. 1894లో పికడిల్లీలో లయన్స్ వాళ్ళ తొలి టీ దుకాణం వచ్చింది. ఈ దుకాణాల్లో మద్యం ఉండదు. ధరలు తక్కువ. అంతవరకు నగరంలో ఒంటరి స్త్రీ కూర్చుని తినగలిగిన చోట్లు బహు తక్కువ. మగవాళ్ళకి క్లబ్బులున్నాయి, చాప్‌హౌస్‌లున్నాయి, సారా దుకాణాలున్నాయి. అక్కడ ఒంటరిగా కనబడిన స్త్రీని ఏమనుకుంటారో చెప్పనక్కరలేదు. చరిత్రకారిణి ఎరికా రాపపోర్ట్ 2000లో వెలువరించిన 'షాపింగ్ ఫర్ ప్లెజర్' పుస్తకంలో, లండన్ వెస్ట్ ఎండ్‌లో స్త్రీలు తిరగగలగడం వెనక దుకాణాలు, టీ గదులు, స్త్రీల క్లబ్బులు, మరుగుదొడ్లు ఎలా పనిచేశాయో వివరించింది. ఆ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. టీ గది చరిత్రలో సగం మరుగుదొడ్డి చరిత్ర. బస్సు ప్రయాణం ముందు మన అమ్మలు ఎందుకు నీళ్ళు తాగరో తెలిసిన వాళ్ళకి ఇది విడమర్చి చెప్పనక్కరలేదు. టీ ఎక్కడ బాగుంటుందని మగవాళ్ళు చూస్తారు. బాత్రూమ్ ఎక్కడుందని మనం చూస్తాం. యాత్రా కథనాల్లో ఈ వాక్యం రాసిన వాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఇక్కడ మన పోతం జానకమ్మ రాఘవయ్యని తలుచుకోవాలి. 1873లో మద్రాసు నుంచి ఓడెక్కి ఇంగ్లండు చూసి వచ్చి, తన యాత్ర గురించి రాసి, 1876లో మద్రాసులోనే 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' పేరుతో ఇంగ్లీషులో ప్రచురించిన తెలుగు స్త్రీ. ఆమె తిరిగిన లండన్‌లో ఏబీసీ దుకాణాలకి ఇంకా పదేళ్ళే. లయన్స్ రావడానికి మరో ఇరవై ఏళ్ళు పడుతుంది. స్త్రీ ఒంటరిగా కూర్చునే చోటు లండన్ స్త్రీలకే కొత్తగా ఉన్న కాలంలో మనావిడ ఆ నగరాన్ని చూసింది, రాసింది. ఇంగ్లండులోని స్త్రీలందరూ ఎప్పుడూ స్వేచ్ఛగా తిరిగారని, మనవాళ్ళు వెళ్ళి చూసి నేర్చుకున్నారని అనుకునే అలవాటు మనకుంది. ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే ఆ అలవాటు కాస్త సడలుతుంది.

తక్కువ ధర టీ దుకాణాన్ని నవలలోకి పూర్తిగా తెచ్చింది డొరొతీ రిచర్డ్‌సన్. 1915లో మొదలైన ఆమె 'పిల్‌గ్రిమేజ్' పదమూడు భాగాల నవల. చైతన్య స్రవంతి అన్న మాటని సాహిత్య విమర్శలో 1918లో మే సింక్లెయిర్ వాడింది ఈమె నవలల గురించే. మనం మాత్రం చైతన్య స్రవంతి అనగానే జాయిస్ పేరు చెబుతాం, ఆ తర్వాత వూల్ఫ్, ఆ తర్వాత ఊపిరి మిగిలితే రిచర్డ్‌సన్. 1919లో వచ్చిన 'ది టన్నెల్' భాగంలో మిరియమ్ ఒక దంతవైద్యుల ఆసుపత్రిలో ఉద్యోగి. వారానికి ఒక పౌను జీతం. అద్దె గది. ఆమె తిండి ఏబీసీ తిండి: ఉడికించిన గుడ్డు, రొట్టె, వెన్న, ఒక కప్పు కాఫీయో టీయో. ఈ సన్నివేశాల్లో ఏమీ జరగదు. ఆమె కూర్చుంటుంది, తింటుంది, ఆలోచిస్తుంది. ఏమీ జరగకపోవడమే అక్కడి విశేషం అని నా అభిప్రాయం. కథల్లో ఒక స్త్రీ ఒంటరిగా హోటల్లో కూర్చుందంటే ఎవరో రావాలి, ఏదో అవ్వాలి. ప్రేమైనా, ప్రమాదమైనా. ఎవరూ రాకుండా, ఏమీ కాకుండా ఒక స్త్రీని పేజీల తరబడి కూర్చోబెట్టడం రిచర్డ్‌సన్ చేసిన సాహసం. ఆ సాహసానికి గుడ్డు, రొట్టె ధర ఎంతో ఆమెకి తెలుసు. చిల్లర లెక్కపెట్టుకోవడం ఆ వాక్యాల్లో భాగం.

వర్జీనియా వూల్ఫ్ దగ్గరికొస్తే బల్ల మారుతుంది. 1925 నాటి 'మిసెస్ డాలోవే'లో మిస్ కిల్మన్, ఎలిజబెత్ ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్‌లో టీ తాగుతారు. కిల్మన్ చరిత్ర పాఠాలు చెప్పే ఉపాధ్యాయిని. జర్మన్లందరూ దుర్మార్గులని ఒప్పుకోనందుకు యుద్ధకాలంలో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. పక్క బల్ల మీది గులాబీరంగు కేకుని ఒక చిన్న పిల్ల తీసుకుంటే ఆమెకి కష్టమేస్తుంది. ఎక్లేర్ ముక్క నోట్లో కుక్కుకుంటుంది. ఎలిజబెత్ లేచి, డబ్బు కట్టి వెళ్ళిపోతుంది, బస్సెక్కి స్ట్రాండ్ వైపు వెళ్ళి నగరమంతా తనదే అన్నట్టు తిరుగుతుంది. కిల్మన్ ఆ పాలరాతి బల్లల మధ్య మిగిలిపోతుంది. తర్వాత తడబడుతూ దారి వెతుక్కుంటూ బయటపడుతుంది.

వూల్ఫ్ ఇక్కడ ఎంత కచ్చితంగా ఉందో, అంత నిర్దయగానూ ఉంది. కిల్మన్ ఆకలిని ఆమె ఒక హాస్యం లాగా, అసహ్యం లాగా చూపిస్తుంది. చదువుకుని, ఉద్యోగం పోయి, చౌక రెయిన్‌కోటు వేసుకున్న స్త్రీకి ఒక కేకు మీద ఆశ పుట్టడంలో నవ్వాల్సిందేముంది? నాలుగేళ్ళ తర్వాత 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో మగవాళ్ళ కాలేజీ మధ్యాహ్న భోజనాన్నీ స్త్రీల కాలేజీ రాత్రి భోజనాన్నీ పక్కపక్కన పెట్టి, పేద తిండి తిన్న మెదడు ఎలా పనిచేస్తుందో మనకి నేర్పింది ఈ వూల్ఫే. ఆ పాఠాన్ని కిల్మన్‌కి వర్తింపజేస్తే ఆ టీ బల్ల మరోలా కనబడుతుంది. రిచర్డ్‌సన్ మిరియమ్ పక్కన కూర్చుని రాసింది. వూల్ఫ్ ఎదుటి బల్ల నుంచి చూసి రాసింది. ఇద్దరూ స్త్రీవాదులకి పూజ్యులే. అయినా కూర్చున్న చోటుని బట్టి కనబడేది మారుతుందని చెప్పుకోవాలి. 'స్త్రీ' అన్న ఒకే మాట కింద అందర్నీ కలిపేయడం కుదరదని దళిత, బహుజన, ముస్లిం స్త్రీలు మన దగ్గర ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నదీ ఇదే.

లండన్ చౌక దుకాణాల తర్వాత గ్లాస్గో వైపు వెళ్ళాలి. అక్కడ టీ గది కళాఖండమైంది. కేట్ క్రాన్‌స్టన్ 1878లో ఆర్గైల్ స్ట్రీట్‌లో తన మొదటి టీ గది తెరిచింది. 1892లో పెళ్ళయింది, అయినా వ్యాపారమంతా 'మిస్ క్రాన్‌స్టన్స్' పేరుతోనే నడిపింది. మన పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లలికీ అలికీ తన పేరు మరిచిపోతుంది. క్రాన్‌స్టన్ తన పేరుని బోర్డు మీద రాయించి కాపాడుకుంది. 1903లో సాకీహాల్ స్ట్రీట్‌లో విల్లో టీ రూమ్స్ తెరిచి, లోపలా బయటా రూపకల్పన చార్లెస్ రెనీ మ్యాకింటాష్‌కి అప్పజెప్పింది. ఆయన భార్య మార్గరెట్ మెక్‌డొనాల్డ్, స్వతహాగా చిత్రకారిణి, అక్కడి రూమ్ డి లక్స్ కోసం రొజెటీ పద్యం ఆధారంగా గొప్ప గెస్సో ఫలకం చేసింది. ఆ గది స్త్రీల కోసం. వెండిరంగు కుర్చీలు, అద్దాలు, రంగు గాజు. మగవాళ్ళకి పై అంతస్తులో బిలియర్డ్స్, పొగతాగే గది.

నాలుగేళ్ళ క్రితం ఒక సదస్సు కోసం వెళ్ళినప్పుడు నేను ఆ గదిలో ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. 2018లో పునరుద్ధరించి తెరిచిన భవనం. అందంగా ఉంది. అంత ఎత్తు వీపున్న కుర్చీలో ఒంటరిగా కూర్చుంటే, వెనక ఎవరున్నారో అన్న బెంగ లేకుండా, నాలుగు గోడలు కాకుండా నా ఒక్కదానికే ఒక గోడ ఉన్నట్టనిపించింది. ఎవరూ ఎవరి కోసం ఎదురుచూస్తున్నారని అడగలేదు. స్కోన్ తిన్నాను, నోట్స్ రాసుకున్నాను, రెండోసారి వేడినీళ్ళు అడిగాను. ఆ ఆనందాన్ని తక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు. స్త్రీవాదులం ఆనందం గురించి రాయడానికి ఎందుకో మొహమాటపడతాం.

అయితే తలెత్తి చూస్తే భవనం పేరు 'మ్యాకింటాష్ ఎట్ ది విల్లో'. డబ్బు పెట్టి, ధైర్యం చేసి, ఇరవై ఏళ్ళకి పైగా ఆ కళాకారుడికి పని ఇచ్చిన స్త్రీ పేరు బోర్డులో లేదు. మార్గరెట్ అసలు ఫలకం కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో ఉంది. ఈ పేర్ల వ్యవహారం టీ గదుల చరిత్ర పొడుగునా ఉంది. ఏబీసీ మేనేజరమ్మ కథలో ఉంది, కథలో పేరు లేదు. యార్క్‌షైర్‌లో 1919లో మొదలై ఇప్పటికీ జనం వరసలు కట్టే 'బెట్టీస్' వ్యవహారం దీనికి తలకిందులు. స్థాపించింది ఫ్రెడరిక్ బెల్మాంట్ అనే స్విట్జర్లాండు మనిషి. ఆ బెట్టీ ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఒకచోట మనిషి ఉంది, పేరు లేదు. ఇంకోచోట పేరు ఉంది, మనిషి లేదు. మిస్ క్రాన్‌స్టన్‌కి రెండూ ఉన్నాయి, కాలం ఒకదాన్ని పక్కకి జరిపింది.

విల్లోలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అద్దాలు కాదు, ఒక కుర్చీ కథ. వీపు వంపు తిరిగి, విల్లో చెట్టు ఆకారంలో చెక్క జాలీతో 1904లో మ్యాకింటాష్ చేసిన కుర్చీ డిజైన్ చరిత్ర పుస్తకాల్లో ప్రసిద్ధం. అది కొనుగోలుదార్ల కోసం చేసింది కాదు. ముందు గదికీ వెనక గదికీ మధ్య కూర్చుని, వడ్డించే అమ్మాయిల దగ్గర ఆర్డర్లు తీసుకుని, రంగు బంతులు గొట్టంలో వేసి వంటగదికి పంపించే పర్యవేక్షకురాలి కోసం చేసింది. పనిచేసే స్త్రీలలో ఒక్కరికి కుర్చీ. మిగిలిన వాళ్ళు నిలబడాలి, నడవాలి. లయన్స్ వాళ్ళు 1926 నుంచి తమ వడ్డించే అమ్మాయిలకి 'నిప్పీ' అని ముద్దుపేరు పెట్టారు. చురుగ్గా పరిగెత్తే పిల్ల అని. ఎక్కడ స్త్రీకి కూర్చునే హక్కు దొరికిందో, అక్కడే ఇంకో స్త్రీకి నిలబడే ఉద్యోగం దొరికింది.

ఓటు హక్కు పోరాటం ఈ వైరుధ్యాన్ని ఇంకా పదునుగా చూపించింది. లండన్ టీ గదులు ఉద్యమకారిణులకి కలుసుకునే చోట్లు. వాళ్ళ పత్రికల్లో టీ గదుల ప్రకటనలుండేవి. అదే ఉద్యమంలోని ఆలివ్ వారీ, లిలియన్ లెంటన్ 1913 ఫిబ్రవరిలో క్యూ గార్డెన్స్‌లోని టీ పెవిలియన్‌ని తగలబెట్టిన కేసులో అరెస్టయ్యారు. పెవిలియన్ ప్రభుత్వానిదని తాను అనుకున్నానని వారీ కోర్టులో చెప్పింది. నిజానికి దాన్ని నడుపుతున్నది ఇద్దరు స్త్రీలు. బీమా మొత్తం నష్టానికి చాలలేదు. ఇది యుద్ధమని, యుద్ధంలో పోరాడని వాళ్ళు కూడా బాధపడక తప్పదని ఆ ఇద్దరికీ చెప్పమంది. పద్దెనిమిది నెలల శిక్ష పడింది, జైల్లో నిరాహారదీక్ష చేసింది. స్త్రీలందరి కోసం అన్న మాటకి ఏ స్త్రీలు మూల్యం చెల్లించారన్నది అడగడానికి మనకి ఇబ్బందిగా ఉండొచ్చు. అడగకపోతే మన చరిత్ర డచెస్ కథలాగే ఉంటుంది.

మన ఊళ్ళ సంగతి. హైదరాబాదులో పాత ఇరానీ హోటళ్ళలో 'ఫ్యామిలీ రూమ్' అని ఒకటుండేది. పరదానో, చెక్క అడ్డమో ఉన్న చిన్న గది. పరిశోధన చేసే రోజుల్లో నేనూ నా స్నేహితురాలూ ఒక హోటల్లో రోడ్డు వైపు బల్ల దగ్గర కూర్చోబోతే సర్వరు మర్యాదగానే, "మేడమ్, ఫ్యామిలీ అటు సైడ్" అన్నాడు.

"మేం ఫ్యామిలీ కాదన్నా, ఇద్దరమే" అంది మా స్నేహితురాలు.

ఆయనకి అర్థం కాలేదు. లేడీస్ అంటే ఫ్యామిలీ, ఫ్యామిలీ అంటే లోపల. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, భాషే అలా ఉంది. మగవాడు రెండు గంటలు ఒక సింగిల్ చాయ్ మీద కూర్చుంటే అది కబుర్లు, రాజకీయం, కవిత్వం. మన సాహిత్య చరిత్రలో హోటల్ బల్లల దగ్గర పుట్టిన పత్రికలూ, గొడవలూ ఎన్ని! ఆ బల్లల దగ్గర స్త్రీలు లేరన్న వాక్యం మాత్రం ఆ జ్ఞాపకాల్లో కనబడదు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి రాసిన 'వై లాయిటర్?' 2011లో వచ్చింది. ముంబయి స్త్రీలు బయట కనబడాలంటే ఏదో ఒక పని ఉన్నట్టు చూపించుకోవాలని, పనిలేకుండా తిరిగే హక్కు కావాలని ఆ పుస్తకం వాదిస్తుంది. ప్రయాణంలో ఉన్న స్త్రీకి టీ ఒక సాకు. కప్పు ఖాళీ అయ్యేదాకా ఎవరూ ఏమీ అనరు. సాకు అక్కర్లేని రోజు రావాలన్నది ఆ ముగ్గురి కోరిక. అంతవరకు ఆ కప్పుని నెమ్మదిగా తాగడమూ ఒక విద్యే.

నిలబడే స్త్రీల గురించి మాత్రం ఆ వాదం సరిపోదు. కేరళలో కోళికోడ్ అసంఘటిత కార్మికుల్లో విజి నాయకత్వాన 'పెణ్‌కూట్టు' సంఘం చేసిన పోరాటాన్ని ఇక్కడ చేర్చాలి. దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలకి మరుగుదొడ్డి కోసం మొదలై, కూర్చునే హక్కు కోసం సాగిన పోరాటమది. దాని ఫలితంగా 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనిచేసే వాళ్ళకి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. మనం చీరల దుకాణంలో పరుపు మీద కూర్చుని టీ తాగుతూ యాభై చీరలు విప్పించుకుంటాం. విప్పే అమ్మాయి పొద్దుటినుంచి నిలబడే ఉంది. వూల్ఫ్ ఎదుటి బల్ల నుంచి చూసిందని నేను పైన రాశాను. మనం ఏ బల్ల నుంచి చూస్తున్నామో కూడా రాసుకోవాలి.

చివరగా, ఆ గదిలోకి అసలు రానే రాని స్త్రీ. అస్సాం టీ లండన్ వేలానికి మొదటిసారి వచ్చింది 1839లో. విక్టోరియా కాలం చివరికి ఇంగ్లండు తాగే టీలో సింహభాగం భారత్, సిలోన్‌లదే. ఆ తోటల కోసం తరలించిన కూలీల్లో విశాఖ, గంజాం జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళూ ఉన్నారు. టీ గది ఎంత ఇంగ్లీషుదో, అంతా మన ప్రయాణాల మీద నిలబడిందే. కాకపోతే అవి తిరుగు టిక్కెట్టు లేని ప్రయాణాలు. కిలో టీ పొడికి నాలుగైదు కిలోల పచ్చి ఆకు కావాలి. ఒక కప్పుకి రెండు గ్రాముల పొడి అనుకుంటే తొమ్మిది గ్రాముల ఆకు. కోసేది ఎక్కువగా స్త్రీలు, నిలబడి. పియా చటర్జీ 2001లో వెలువరించిన 'ఎ టైమ్ ఫర్ టీ' ఉత్తర బెంగాల్ తోటల్లోని స్త్రీల శ్రమ మీద చేసిన పరిశోధన. దాని నడుమ ఆమె నాటక సన్నివేశాలు కూడా రాసింది. టీ పొట్లం మీద నవ్వుతూ ఆకు కోసే అమ్మాయి బొమ్మ వెనక ఎంత హింస దాచి ఉందో చూపించడానికి పరిశోధన భాష ఒక్కటే చాలదని ఆమెకి తోచి ఉంటుంది.

2015 సెప్టెంబరులో మూన్నార్ తోటల స్త్రీలు బోనస్ ఇరవై శాతం నుంచి పదికి తగ్గించినందుకు రోడ్డు మీదికి వచ్చారు. అప్పుడు వాళ్ళ రోజు కూలి 232 రూపాయలు. మగ యూనియన్ నాయకుల్ని దగ్గరికి రానివ్వకుండా 'పెంబిళై ఒరుమై', అంటే స్త్రీల ఐక్యత, అన్న పేరుతో తామే మాట్లాడారు. దారి మీద బైఠాయించారు. మూన్నార్ వెళ్ళి టీ తాగి పచ్చటి కొండల ఫొటోలు తీసుకొచ్చే యాత్రికుల దారి అదే. ఆకు కోసే స్త్రీలు కూర్చున్నారన్నది వార్త అయ్యింది. అది వాళ్ళు కొనుక్కున్న కుర్చీ కాదు, ఎవరో దయతో వేసిన కుర్చీ కాదు. రోజ్‌మేరీ ఇంటి నుంచి మూన్నార్ రోడ్డు దాకా నేను వెతికిన తేడా ఇదే.

టీ గదుల గురించి రాయొద్దని నేను అనడం లేదు. మన స్త్రీలు ఇప్పుడు ఒంటరిగా, జంటగా, గుంపుగా దేశాలు తిరుగుతున్నారు, రాస్తున్నారు. రాయాలి. స్కోన్ గురించి, మీగడ గురించి, కిటికీ అవతల వాన గురించి మొహమాటం లేకుండా రాయాలి. రిచర్డ్‌సన్‌లా చిల్లర లెక్క కూడా రాయాలి. బాత్రూమ్ ఎక్కడుందో రాయాలి. కప్పు తెచ్చిన అమ్మాయి ఎన్ని గంటలనుంచి నిలబడి ఉందో అడిగి రాయాలి. ఆనందాన్ని ఇవేవీ తగ్గించవు. ఎవరి ఖర్చు మీద కూర్చున్నామో తెలిసి కూర్చోవడం, తెలియక కూర్చోవడం కంటే బరువైనదే గానీ, ఆ బరువు మోయలేనంత బలహీనమైనవి కావు మన కుర్చీలు, మన వాక్యాలు.